డొమినికన్ బేస్‌బాల్ తొలి తరంపై టీవీ డాక్యుమెంటరీ: అసలు మొదటివాడు ఎవరు?

వేపచెట్టు (న్యూజెర్సీ):

మొన్న శనివారం రాత్రి టీవీలో డొమినికన్ రిపబ్లిక్ నుంచి అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లోకి వచ్చిన తొలి తరం ఆటగాళ్ళ మీద ఒక డాక్యుమెంటరీ చూశాను. నాకు ఈ ఆట పన్నెండేళ్ళ మా అబ్బాయి వల్ల వచ్చింది. వాడి జట్టులో సగం మంది పిల్లలు డొమినికన్ కుటుంబాల వాళ్ళే కాబట్టి ఆసక్తితో కూర్చున్నాను. ఓజీ వర్జిల్ 1956 సెప్టెంబరు 23న న్యూయార్క్ జెయింట్స్ తరఫున మైదానంలో దిగి, మేజర్ లీగ్‌లో ఆడిన మొదటి డొమినికన్ అయ్యాడనీ, 1958 జూన్‌లో ఫెలిపే అలూ, 1960 జూలైలో హువాన్ మారిచల్ వచ్చారనీ, ఆ ముగ్గురి చుట్టూ కథ నడిపారు. చక్కగా తీశారు. కానీ నాకు ఒక సందేహం మిగిలిపోయింది. వర్జిల్ పదమూడేళ్ళ వయసులోనే న్యూయార్క్ వచ్చేశాడు, బ్రాంక్స్‌లో పెరిగాడు, అమెరికా మెరైన్ దళంలో పనిచేశాడు. అలూ మాత్రం డొమినికన్ రిపబ్లిక్‌లోనే పుట్టి, అక్కడే ఆట నేర్చుకుని, అక్కడే సంతకం పెట్టి, ఇంగ్లీషు ముక్క రాకుండా వచ్చాడు. అలాంటప్పుడు డొమినికన్లకు దారి వేసినవాడు ఎవరని చెప్పాలి? తెలిసినవారు చెప్పగలరు.

మూడోబేస్ (డెట్రాయిట్):

వేపచెట్టు గారూ, మీరు వర్జిల్‌ను అంత తేలిగ్గా పక్కన పెట్టడం నాకు నచ్చలేదు. ఆయన మా ఊళ్ళో ఏం మోశాడో కూడా చూడాలి. నల్లజాతివారిని మేజర్ లీగుల్లోకి రానివ్వని రంగు గోడను జాకీ రాబిన్సన్ 1947లో దాటిన తర్వాత కూడా డెట్రాయిట్ టైగర్స్ జట్టు పదకొండేళ్ళ పాటు ఒక్క నల్లజాతి ఆటగాణ్ణి తీసుకోలేదు. మేజర్ లీగ్ జట్లలో వారి కంటే ఆలస్యం చేసింది బోస్టన్ ఒక్కటే. 1958 జూన్ 6న టైగర్స్ తరఫున ఆ గీత దాటినవాడు వర్జిల్. అదే నెల 17న బ్రిగ్స్ స్టేడియంలో సొంత ప్రేక్షకుల ముందు మొదటిసారి ఆడి, ఐదుసార్లు బ్యాటింగుకు వచ్చి ఐదుసార్లూ హిట్ కొట్టాడు. మన భాషలో చెప్పాలంటే తొలి మ్యాచ్‌లోనే సెంచరీ కొట్టినట్టు.

అయితే ఊళ్ళోని నల్లజాతి అభిమానుల్లో చాలామంది ఆయనను తమవాడిగా లెక్కపెట్టలేదని తర్వాతి కాలంలో ఆయనే చెప్పుకున్నారు. తెల్లవాళ్ళకేమో ఆయన నల్లవాడు, నల్లవాళ్ళకేమో స్పానిష్ మాట్లాడే పరాయివాడు. తలుపు తెరిచినందుకు లోపలివారూ బయటివారూ ఇద్దరూ పలకరించని మనిషిని మార్గదర్శి కాదంటే ఎలాగండీ? డొమినికన్లు మాత్రం ఆయనను ఏనాడూ వదులుకోలేదు. ఆయన పుట్టిన మోంతె క్రిస్తిలో విమానాశ్రయానికి ఆయన పేరే పెట్టుకున్నారు. 2024 సెప్టెంబరులో, 92 ఏళ్ళ వయసులో పోయారు.

పాతపుటలు:

ఇద్దరి వాదనా విన్నాను. ఇద్దరూ ఒకే గీత గీసుకుని, ఆ గీతకు ఎవరు ముందున్నారని పోట్లాడుకుంటున్నారు. ఆ గీత ఎవరు గీశారో కూడా చూడాలి. వర్జిల్ పుట్టడానికి ముందే, నల్లవాళ్ళను మేజర్ లీగుల్లోకి రానివ్వని కాలంలో, నీగ్రో లీగ్‌లు అనే పేరుతో నడిచిన నల్లజాతి లీగుల్లో డొమినికన్లు అమెరికాలో ఆడారు. జింక అనే అర్థం వచ్చే ‘ఎల్ గామో’ అన్న ముద్దుపేరుతో పిలిపించుకున్న తెతెలో వర్గాస్ వారిలో ఒకరు. ఆయన పరుగు వేగానికి వచ్చిన పేరు అది. 1953లో, నలభై ఏడేళ్ళ వయసులో, స్వదేశపు లీగ్‌లో బ్యాటింగ్ సగటులో ప్రథముడిగా నిలిచాడంటే ఆ కాళ్ళలో ఇంకెంత శక్తి ఉందో ఊహించుకోండి. శాన్ పెద్రో దె మకోరిస్‌లోని స్టేడియం ఆయన పేరు మీదే ఉంది.

రెండోవారు ఒరాసియో మార్తినెస్. న్యూయార్క్ క్యూబన్స్ అనే నల్లజాతి లీగు జట్టులో షార్ట్‌స్టాప్‌గా (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డరుగా) ఆడి, తర్వాత స్వదేశానికి వెళ్ళి, సాంటో డొమింగో విశ్వవిద్యాలయంలో కోచ్ అయ్యారు. ఆ విశ్వవిద్యాలయంలో డాక్టరు చదువు కోసం చేరిన ఒక పొడుగాటి కుర్రవాణ్ణి 1955లో జెయింట్స్ జట్టుకు 200 పెసోలకు సంతకం పెట్టించింది ఆయనే. ఆ కుర్రవాడే ఫెలిపే అలూ. న్యూయార్క్ క్యూబన్స్ యజమాని అలెక్స్ పోంపెస్ అప్పటికి జెయింట్స్ కోసం ఆటగాళ్ళను వెతికే స్కౌటుగా ఉన్నారు. మార్తినెస్‌కు ఆ దారి ఆయన ద్వారానే వచ్చింది. అంటే నల్లజాతి లీగులో ఏర్పడిన పరిచయాలే తర్వాతి తరాన్ని మేజర్ లీగులోకి తీసుకొచ్చాయి. మనం తలుపు దగ్గర నిలబడ్డవాణ్ణి చూస్తున్నాం గానీ, తాళంచెవి తయారుచేసినవాణ్ణి చూడటం లేదు.

ఇంకొక సంగతి. 2020 డిసెంబరులో మేజర్ లీగ్ సంస్థ 1920 నుంచి 1948 వరకు నడిచిన ఆ లీగులను కూడా మేజర్ లీగులుగానే గుర్తించింది. 2024లో ఆ గణాంకాలను అధికారిక పట్టికల్లో కలిపింది. కాబట్టి ఆ సంస్థ సొంత లెక్క ప్రకారమే ‘మొదటి డొమినికన్’ అన్న బిరుదు వర్జిల్ దగ్గర నిలవదు.

వేపచెట్టు (న్యూజెర్సీ):

పాతపుటలు గారూ, ఇది నేను అనుకున్న దానికన్నా పెద్ద చిక్కుగా ఉంది. ఒక కార్యాలయం 2020లో తీర్మానం చేస్తే 1956లో జరిగింది మారిపోతుందా? తెతెలో వర్గాస్ బ్రతికుండగా ఆయనను ఆ తలుపు లోపలికి రానివ్వలేదు కదా. ఇప్పుడు పట్టికలో పేరు కలిపి ‘నువ్వు ఎప్పుడూ లోపలే ఉన్నావు’ అనడం ఆయనకు గౌరవమా, లేక ఆ అవమానాన్ని చెరిపేయడమా? నాకైతే తేలడం లేదు.

పాతపుటలు:

పట్టిక మారడం వల్ల అవమానం చెరిగిపోదు, నిజమే. కానీ మారకపోతే, ఆయన ఆట ఆటే కాదన్న మాట అలాగే ఉండిపోతుంది. రెంటిలో నాకు మొదటిదే నయమనిపిస్తుంది. ఇంతకు మించి నేను సాగదీయను.

ఉప్పుటేరు (కాకినాడ):

నాకు క్రికెట్ తప్ప వేరే ఆట తెలియదు. ఒక్క ప్రశ్న అడుగుతాను, నవ్వకండి. చుట్టూ ఉన్న జమైకా, బార్బడోస్, ఆంటిగ్వా అన్నీ క్రికెట్ ఆడుతుంటే ఈ ఒక్క దేశం బేస్‌బాల్ ఎందుకు పట్టుకుంది?

చెరుకుతోట:

ఉప్పుటేరు గారూ, నవ్వవలసిన ప్రశ్న కాదు. దీనికి జవాబు చెరుకులో ఉంది, అందుకే నేను అందుకుంటున్నాను. మా నాన్నగారు కోస్తాలో ఒక చక్కెర కర్మాగారంలో పనిచేశారు. క్రషింగ్ సీజన్‌లో రాత్రింబవళ్ళు చెరుకు బళ్ళు బారులు తీరడం, ఊరంతా మడ్డి వాసన కొట్టడం, సీజన్ అయిపోగానే క్వార్టర్ల వెనుక మైదానం ఒక్కసారిగా ఆటలతో నిండిపోవడం నేను చూస్తూ పెరిగాను. డొమినికన్ రిపబ్లిక్‌లో జరిగిందీ దాదాపు అదే.

మీరు చెప్పిన జమైకా వంటివి బ్రిటిష్ పాలనలో ఉన్నాయి, ఇది స్పానిష్ మాట్లాడే దేశం. 1868లో క్యూబాలో స్పెయిన్ మీద పదేళ్ళ యుద్ధం మొదలైనప్పుడు అక్కడి చక్కెర వ్యాపారులు, పనివాళ్ళు చాలామంది ఈ దేశానికి తరలివచ్చి మిల్లులు పెట్టారు. బేస్‌బాల్ వారితోనే వచ్చింది. తర్వాత 1916 నుంచి 1924 దాకా అమెరికా సైన్యం దేశాన్ని ఆక్రమించుకుని ఉన్నప్పుడు సైనికుల జట్లతో స్థానికులు పోటీపడి ఆడారు. ఆక్రమించినవాణ్ణి వాడి ఆటలోనే ఓడించడంలో ఎంత తృప్తి ఉంటుందో మనకు వేరే చెప్పనక్కరలేదు.

మీకు నచ్చే భాగం ఇప్పుడు వస్తుంది. శాన్ పెద్రో దె మకోరిస్ చుట్టూ ఉన్న మిల్లుల్లో చెరుకు పనికి ఇంగ్లీషు మాట్లాడే చిన్న ద్వీపాల నుంచి వేలమంది కూలీలు వచ్చారు. స్థానికులు వారిని ‘కొకొలో’లు అని పిలిచారు. వారు తమతో క్రికెట్ తెచ్చుకున్నారు. మిల్లు మైదానాల్లో ఒకప్పుడు క్రికెట్ మ్యాచులే జరిగేవి. వారి పిల్లలు, మనవలు మాత్రం బేస్‌బాల్‌కు మళ్ళారు. కన్సుయెలో మిల్లు వాడలో పుట్టి, 1970లో .366 సగటుతో (అంటే వెయ్యి అవకాశాలకు 366 హిట్ల లెక్కన) మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన నేషనల్ లీగ్ బ్యాటింగ్ కిరీటం గెలిచిన రికో కార్టీ ఆ వాడల మనిషే. ఆ ఒక్క ఊరు మేజర్ లీగ్‌కు ఇచ్చినంతమంది ఆటగాళ్ళను ప్రపంచంలో ఆ పరిమాణంలో ఉన్న ఊళ్ళు బహు కొద్దిగా ఇచ్చి ఉంటాయి. డాక్యుమెంటరీలో చెరుకు పొలాలను సూర్యాస్తమయం వేళ అందంగా చూపించి వదిలేశారు. ఆ పొలాల్లో ఏ భాష మాట్లాడేవాళ్ళు ఏ ఆట ఆడేవాళ్ళో చెప్పి ఉంటే బాగుండేది.

పాతపుటలు:

చెరుకుతోట గారు రాసింది ఎంతో విలువైనది. అయితే ఒక సవరణ. చెరుకుతోనే అంతా చెప్పేస్తే తొలి తరం మన చేతికి చిక్కదు. వర్జిల్ పుట్టింది మోంతె క్రిస్తి. మారిచల్ పుట్టిన లగూనా వెర్దె అదే ప్రాంతంలో ఉంది. నలభై ఒకటో ఏట 1960లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ తరఫున తొలి మ్యాచ్ ఆడిన ఎడమచేతి పిచ్చర్ (బంతి విసిరేవాడు) దియోమెదెస్ ఒలివో కూడా ఆ ప్రాంతం వాడే. అది హైతీ సరిహద్దుకు దగ్గరగా, వాయవ్య మూలన ఉన్న మెట్టప్రాంతం. అక్కడ మన్సనీయో రేవు దగ్గర అమెరికన్ కంపెనీ అరటితోటలు ఉండేవి. ఆ కంపెనీ జట్టుకే మారిచల్ పిల్లవాడిగా బంతి వేశాడు. అంటే పంట ఏదైనా, కంపెనీ, దాని మైదానం, దాని జట్టు అనే మూడూ కలిసిన చోట ఆట పుట్టిందని చెప్పుకోవాలి.

ఆ మారిచల్ 1950ల మధ్యలో వైమానిక దళపు జట్టును ఓడించాడు. ఆ జట్టు నియంత త్రుహియో కొడుకు రంఫిస్‌ది. మర్నాడే కుర్రవాడికి వైమానిక దళంలో చేరమని టెలిగ్రాం వచ్చింది. ఇష్టమా అని అడిగినవారు లేరు. తర్వాత ఒకసారి ఆ జట్టు ఒకే రోజు రెండు మ్యాచులు ఓడినందుకు ఆటగాళ్ళను జైల్లో పెట్టారని మారిచల్ స్వయంగా చెప్పారు. మన దగ్గర ఓడిన క్రికెటర్ల ఇళ్ళ మీద రాళ్ళు వేసేవారు. అక్కడ ప్రభుత్వమే ఆ పని చేసేది.

మూడోబేస్ (డెట్రాయిట్):

త్రుహియో మాట వచ్చింది కాబట్టి 1937 కూడా చెప్పండి, పాతపుటలు గారూ. డాక్యుమెంటరీలో దాన్ని అర నిమిషంలో దాటేశారు.

పాతపుటలు:

చెబుతాను. రాజధాని పేరు అప్పటికే ‘సియుదాద్ త్రుహియో’గా మార్చేశారు. 1907లో పుట్టిన లిసే, 1921లో పుట్టిన ఎస్కోహిదో అనే బద్ధశత్రువుల్లాంటి రెండు జట్లను కలిపి రాజధాని జట్టుగా చేశారు. దాని కోసం అమెరికా నల్లజాతి లీగుల నుంచి సాచెల్ పేజ్, జోష్ గిబ్సన్, కూల్ పాపా బెల్ వంటి మహామహులను డబ్బు కుమ్మరించి రప్పించారు. మిగిలిన రెండు జట్లు, శాన్ పెద్రో వారు, సాంతియాగో వారు కూడా పోటీగా విదేశీ ఆటగాళ్ళను తెచ్చుకున్నారు. చివరికి రాజధాని జట్టే గెలిచింది. కానీ ఆ ఖర్చుకు అందరూ చితికిపోయారు, ఆ తర్వాత 1951 దాకా వృత్తిపరమైన లీగ్ మళ్ళీ నడవలేదు. తొలి తరం మేజర్ లీగర్లు 1950ల చివరనే ఎందుకు కనిపిస్తారని ఎవరైనా అడిగితే, అమెరికాలోని రంగు గోడతో పాటు, ఇంట్లో పధ్నాలుగేళ్ళు ఎండిపోయిన ఈ చెరువును కూడా లెక్కలోకి తీసుకోవాలి. గెలుపు సంబరం జరిగిన ఆ ఏడాదే అక్టోబరులో సరిహద్దు ప్రాంతంలో హైతీయులను త్రుహియో సైన్యం వేలల్లో ఊచకోత కోసింది. మారిచల్ పుట్టింది ఆ అక్టోబరులోనే, ఆ సరిహద్దు పక్కనే.

పక్కింటిమావయ్య (శాన్ హోసే):

ఆలస్యంగా వచ్చాను. అలూ పేరు సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఆయన అసలు ఇంటిపేరు రోహాస్. తండ్రి హోసే రోహాస్, తల్లి విర్హినియా అలూ. స్పానిష్ పద్ధతిలో తండ్రి ఇంటిపేరు ముందు, తల్లి ఇంటిపేరు తర్వాత వస్తాయి కాబట్టి ఫెలిపే రోహాస్ అలూ అయ్యాడు. అమెరికన్లు చివరి మాటను పట్టుకుని అలూ అనేశారు. తమ్ముళ్ళు మటేయో, హెసూస్ వచ్చేసరికి ఆ పొరపాటే వంశనామమైపోయింది. నాకు ఈ కథ వినగానే నా పాస్‌పోర్టు గుర్తుకొచ్చింది. మన ఇంటిపేరు ముందుంటుంది కదా, ఇక్కడి ఫారాల్లో చివరి మాటే ఇంటిపేరని నా సొంత పేరును అక్కడ ఎక్కించారు. ఇప్పుడు నా పిల్లలకు కూడా అదే ఇంటిపేరు. ఆఫీసులో నన్ను పిలిచే పేరు మా ముత్తాతలది. కాబట్టి ఫెలిపేను చూస్తే నాకు చుట్టరికం కలిసినట్టుంటుంది.

నవ్వు పక్కన పెడితే, 1956లో ఆయనను లూసియానాలోని లేక్ చార్లెస్ అనే కింది స్థాయి లీగ్ జట్టుకు పంపారు. ఆ రాష్ట్రంలో తెల్లవారూ నల్లవారూ కలిసి ఆడకూడదన్నారు. నాలుగైదు మ్యాచులు ఆడేసరికే ఆయనను బస్సెక్కించి ఫ్లోరిడాలోని కొకో పట్టణానికి పంపేశారు. భాష రాదు, తినడానికి ఏ హోటలు లోపలికి రానిస్తుందో తెలియదు. ఆ సీజన్‌లో అక్కడ .380 సగటుతో లీగ్‌లోనే మొదటి బ్యాటరయ్యాడు. వేపచెట్టు గారు ‘ఇంగ్లీషు ముక్క రాకుండా’ అని ఒక్క ముక్కలో అన్నారు. ఆ బస్సు ప్రయాణాన్ని ఒకసారి తలచుకోండి.

వేపచెట్టు (న్యూజెర్సీ):

పక్కింటిమావయ్య గారూ, డాక్యుమెంటరీలో నన్ను కదిలించిందీ ఆ బస్సే. మా అబ్బాయి మాత్రం ముగ్గురు అన్నదమ్ముల దగ్గర లేచి కూర్చున్నాడు. 1963 సెప్టెంబరు 10న, అప్పటికి శాన్ ఫ్రాన్సిస్కోకు మారిపోయిన జెయింట్స్ తరఫున, న్యూయార్క్ మెట్స్ మీద ఒకే ఇన్నింగ్‌లో ముగ్గురూ వరుసగా బ్యాటింగుకు వచ్చారు. హెసూస్‌కు అది మేజర్ లీగ్‌లో మొదటి మ్యాచ్. ముగ్గురూ అవుటయ్యారు! ‘మరి దాన్ని ఎందుకు చూపిస్తారు నాన్నా?’ అని అడిగాడు. అయిదు రోజుల తర్వాత పిట్స్‌బర్గ్‌లో ముగ్గురూ ఒకేసారి అవుట్‌ఫీల్డ్‌లో నిలబడ్డారని చెప్పాక గానీ శాంతించలేదు. 1966లో మ్యాటీ (మటేయోనే) .342తో బ్యాటింగ్ కిరీటం గెలిస్తే, రెండో స్థానంలో .327తో అన్న ఫెలిపే ఉన్నాడని చెప్పాను. ‘అన్నకు కోపం రాలేదా’ అన్నది తర్వాతి ప్రశ్న. వాడికి ఒక చెల్లెలుంది లెండి.

తుంగభద్ర:

ఇంతసేపూ అందరూ మెచ్చుకోళ్ళే రాశారు. నాకు ఒక అభ్యంతరం ఉంది. 1965 ఆగస్టు 22న శాన్ ఫ్రాన్సిస్కోలోని కాండిల్‌స్టిక్ పార్కులో జెయింట్స్ పిచ్చర్ మారిచల్ బ్యాటింగుకు వచ్చినప్పుడు తన చేతిలోని బ్యాటుతో డాడ్జర్స్ క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) జాన్ రోజ్‌బరో తల మీద కొట్టాడు. 14 కుట్లు పడ్డాయి. ఎనిమిది ఆటరోజుల నిషేధం, 1,750 డాలర్ల జరిమానాతో సరిపెట్టారు. డాక్యుమెంటరీ దాన్ని విషాద సంగీతంతో కప్పేసి, ఆ తర్వాత ఇద్దరూ స్నేహితులయ్యారంటూ ముగించింది. మార్గదర్శి అయినంత మాత్రాన తప్పుకు తెర కప్పాలా?

పక్కింటిమావయ్య (శాన్ హోసే):

తుంగభద్ర గారూ, తప్పు తప్పే. మారిచల్ కూడా తర్వాత దానికి విచారం వ్యక్తం చేశాడు. అయితే ఆ రోజుకు ముందు ఏం జరుగుతోందో చెప్పకుండా ఆ బ్యాటును మాత్రమే చూపించడం కూడా అన్యాయమే. ఆ ఏప్రిల్‌లో ఆయన దేశంలో అంతర్యుద్ధం మొదలైంది. అమెరికా సైన్యం దిగింది. ఇంట్లోవాళ్ళు ఎలా ఉన్నారోనన్న దిగులుతోనే ఆ వేసవంతా ఆడాడు. రోజ్‌బరో ఇల్లున్న లాస్ ఏంజెలెస్‌లోనేమో ఆ నెలలోనే వాట్స్ అల్లర్లు జరిగాయి. ఇద్దరివీ కాలుతున్న ఊళ్ళే. రోజ్‌బరో బంతిని పిచ్చర్‌కు తిరిగి విసిరినప్పుడు అది మారిచల్ చెవి పక్కగా దూసుకుపోయింది, మాటా మాటా పెరిగింది, ఆపైన జరగరానిది జరిగింది.

స్నేహం సంగతి సంగీతంతో కప్పిన అబద్ధం కాదు. గొప్ప ఆటగాళ్ళను గౌరవించే ప్రసిద్ధుల మందిరానికి (హాల్ ఆఫ్ ఫేమ్) మారిచల్ రెండుసార్లు ఎన్నిక కాలేకపోయాడు. ఓట్లు పడకపోవడానికి ఆ బ్యాటే కారణమని అందరూ అనుకున్నారు. అప్పుడు రోజ్‌బరో బహిరంగంగా ఆయన పక్షాన నిలిచాడు. 1983లో మారిచల్ ఆ మందిరంలో చేరిన మొదటి డొమినికన్ అయ్యాడు. 2002లో రోజ్‌బరో పోయినప్పుడు శవపేటిక మోసే గౌరవం దక్కినవారిలో మారిచల్ ఒకడు. ఇక్కడ శాన్ ఫ్రాన్సిస్కో స్టేడియం బయట కాలు ఆకాశానికి ఎత్తి బంతి వేస్తున్న ఆయన విగ్రహం ఉంది. దాని కింద నిలబడి ఫొటో తీసుకునే ప్రతిసారీ నాకు ఆ 14 కుట్లూ గుర్తొస్తాయి. రెండూ ఆయనవే.

తుంగభద్ర:

మీరు చెప్పిన తీరులో డాక్యుమెంటరీ చెప్పి ఉంటే నాకు అభ్యంతరం ఉండేది కాదు. ఇంకొకటి కూడా వదిలేశారు. 1961లో జెయింట్స్‌కు మేనేజర్‌గా వచ్చిన ఆల్విన్ డార్క్ జట్టు గదిలో స్పానిష్ మాట్లాడవద్దన్నాడు. అన్నదమ్ములు ముగ్గురూ తమలో తాము ఏ భాషలో మాట్లాడుకోవాలి? 1963లో ఫెలిపే లాటిన్ అమెరికా ఆటగాళ్ళ హక్కుల కోసం ఒక క్రీడా పత్రికలో తన పేరుతో వ్యాసం రాశాడు. స్వదేశంలో చలికాలంలో మ్యాచులు ఆడినందుకు బేస్‌బాల్ కమిషనర్ వేసిన జరిమానాను అందులో నిలదీశాడు. ఆ డిసెంబరులోనే ఆయనను మిల్‌వాకీ జట్టుకు పంపేశారు. ‘నోరు విప్పిన మొదటివాడు’ అన్న బిరుదు ఎవరికైనా ఇవ్వాలంటే నేను ఫెలిపేకే ఇస్తాను. 1992లో మాంట్రియల్ జట్టుకు మేనేజరై, మేజర్ లీగ్‌లో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి డొమినికన్ కూడా ఆయనే అయ్యాడు.

ఉప్పుటేరు (కాకినాడ):

ఇప్పటికి నలుగురు ‘మొదటివాళ్ళు’ అయ్యారు. నేను లెక్క రాసుకుంటున్నాను.

చెరుకుతోట:

అయిదోవారిని కూడా రాసుకోండి. మారిచల్ కంటే రెండు వారాల ముందు, 1960 జూలై 3న, వాషింగ్టన్ సెనేటర్స్ తరఫున బంతి వేసిన రూడీ ఎర్నాందెస్ మేజర్ లీగ్‌లో మొదటి డొమినికన్ పిచ్చర్. ఆయన పేరు డాక్యుమెంటరీలో ఒక్కసారి కూడా వినిపించలేదు. మారిచల్ జూలై 19న వచ్చి, ఫిలడెల్ఫియాకు ఒకే ఒక్క హిట్ ఇచ్చి, 12 మందిని స్ట్రయికవుట్ చేసేసరికి (బంతిని కొట్టనివ్వకుండానే అవుట్ చేసేసరికి) అందరి కళ్ళూ అటు తిరిగిపోయాయి.

మూడోబేస్ (డెట్రాయిట్):

ఈ చర్చ చదివాక ఆదివారం పొద్దున మిషిగన్ అవెన్యూ, ట్రంబుల్ వీధి కలిసే మూలకు వెళ్ళాను. బ్రిగ్స్ స్టేడియం కట్టడాన్ని 2009లో పూర్తిగా కూల్చేశారు, మైదానం మాత్రం పిల్లల ఆటలకు ఉంచారు. ఇప్పుడు కృత్రిమ గడ్డి పరిచారు. పదేళ్ళ పిల్లల మ్యాచ్ నడుస్తోంది. వర్జిల్ ఆ రోజు ఆడిన మూడో బేస్ దగ్గర ఒక అబ్బాయి తన సైజుకు మించిన గ్లవ్ పెట్టుకుని, బంతి తన వైపు రాకూడదని దేవుణ్ణి మొక్కుకుంటున్నట్టు నిలబడ్డాడు. వాళ్ళ నాన్న కంచె అవతల నుంచి స్పానిష్‌లో ఏదో అరిచాడు. అబ్బాయి విననట్టు నటించాడు. నేను రెండు ఇన్నింగ్‌లు చూసి వచ్చేశాను. బంతి ఒక్కసారే అటు వచ్చింది, వాడు పట్టాడు.

వేపచెట్టు (న్యూజెర్సీ):

శీర్షికలో ‘ఎవరు’ అన్న మాటను ‘ఎవరెవరు’ అని మార్చమని నిర్వాహకులను అడిగాను. పాతపుటలు గారూ, ఒరాసియో మార్తినెస్ గురించి వీలున్నప్పుడు విడిగా ఒక చర్చ మొదలుపెట్టండి. మా అబ్బాయి షార్ట్‌స్టాప్ ఆడతాడు.